జాలీ బాయ్ ద్వీపంలో ఇరవై నాలుగు నిమిషాలు: నా అనుభవం

హనుమకొండలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. నిడేరియా (పగడాలు, జెల్లీ చేపలు వంటి జంతువుల వర్గం) పాఠం వచ్చినప్పుడల్లా ప్రయోగశాల బీరువాలోంచి ఒక పాత గాజు సీసా తీసి తరగతిలో అందరి చేతులూ మార్పిస్తాను. అందులోని సీ అనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్ర జంతువు, ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో నాని, ఉడికిన వంకాయ తొక్క రంగుకు తిరిగింది. కిందటి సంవత్సరం ఒక అమ్మాయి ఆ సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఇది బతికి ఉన్నప్పుడు ఏ రంగులుంటది సార్, మీరు చూసిండ్రా?" అని అడిగింది. చూడలేదని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. విశాఖలోనూ చెన్నైలోనూ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూశానే గాని, ఆ నీటిలో తల పెట్టి చూసిన వాణ్ణి కాదు.

అండమాన్ ప్రయాణానికి అసలు కారణం ఆ ప్రశ్నే అయినా, ఇంట్లో మాత్రం సంక్రాంతి సెలవుల విహారయాత్ర అని చెప్పాను. 2025 అక్టోబరు రెండో వారంలో నాకు, మా ఆవిడకు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి రానూపోనూ విమాన టికెట్లు కొన్నాము. ముగ్గురికీ కలిపి 58,200 రూపాయలు అయ్యాయి. మిగతా ఏర్పాట్లన్నీ వరంగల్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటుకు అప్పగించాము. జనవరి 11 ఆదివారం చేరడం, 12న పడవలో జాలీ బాయ్ ద్వీపానికి వెళ్లి స్నార్కెలింగ్ (ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి లోపల చూడడం) చేయడం, 13న ఓడలో స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లడం, 16న తిరుగు ప్రయాణం అని ఆయన చక్కగా కాగితం మీద వేసి ఇచ్చాడు. జాలీ బాయ్ 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనంలోని పదిహేను ద్వీపాలలో ఒకటి. అక్కడ ఊరు లేదు, హోటలు లేదు, రాత్రి బస లేదు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావలసిందే.

ఈత విషయంలో నాకు ఎలాంటి బెంగా లేదు. పరకాల దగ్గర మా ఊళ్లో మోటబావిలో, నడుముకు బెండు కట్టుకుని, ఎనిమిదో ఏటనే ఈత నేర్చుకున్నాను. గట్టు మీద నిలబెట్టి, "ఊపిరి బిగబట్టు, ముక్కు మూసుకో, దుంకు" అని మా మేనమామ నేర్పిన మూడు మాటలు నలభై ఏళ్ల తరువాత కూడా మరచిపోలేదు. వాటిలో మొదటి మాటే నన్ను ముంచబోతున్నదని అప్పుడు తెలియదు. మా ఆవిడకు ఈత రాదు. ఆమె పుట్టిన ఊళ్లోనూ బావులు ఉండేవి, కాని వాటిలోకి ఆడపిల్లలను దిగనిచ్చేవారు కాదు. లక్నవరం చెరువులో బోటు ఎక్కడం తప్ప ఆమెకు నీటి మీద మరో అనుభవం లేదు. "మీరిద్దరు దిగుండ్రి, నేను పడవల కూసుంట" అని ఇంటి దగ్గరే తేల్చి చెప్పింది.

జనవరి 10 రాత్రి పది గంటలకు కారులో హనుమకొండ నుంచి బయలుదేరి శంషాబాద్ చేరుకుని, తెల్లవారుజామున విమానం ఎక్కాము. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది గాని, ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే నడుస్తున్నది. అక్కడ గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాడు. సాయంత్రం అయిదుంబావుకే పొద్దు గుంకిపోయి, ఆరు గంటలకు చిమ్మచీకటి అయ్యేసరికి మా శరీరాలు తికమకపడ్డాయి.

ఆ చీకట్లోనే మొదటి దెబ్బ తగిలింది. మరునాటి పడవ ఎన్ని గంటలకో అడుగుదామని ఏజెంటు ఇచ్చిన స్థానిక నంబరుకు ఫోన్ చేస్తే, సోమవారం జాలీ బాయ్‌కి పడవలు ఉండవని, ఆ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసని అవతలి మనిషి నవ్వాడు. మూడు నెలల ముందు వేసుకున్న ప్రణాళికలో మేము దేనికోసం వచ్చామో ఆ రోజే చెల్లదు. వరంగల్‌కు ఫోన్ చేస్తే ఏజెంటు రెండు గంటల దాకా ఎత్తలేదు, ఎత్తిన తరువాత "అయ్యో, నేను చూసుకోలే సార్" అన్నాడు. ఆ మాటకు ఏమని బదులు చెప్పాలో ఇప్పటికీ తోచడం లేదు.

సోమవారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు అబర్డీన్ బజారులో గడియార స్తంభానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న టికెట్ల దుకాణంలో కూర్చున్నాము. మంగళవారం పడవలో ముగ్గురికి చోటు దొరికింది. అందుకోసం 13వ తేదీ స్వరాజ్ ద్వీప్ ఓడ టికెట్లు రద్దు చేసుకోవలసి వచ్చి, 3,400 రూపాయలు పోయాయి. ఆ రెండున్నర గంటల నిరీక్షణలో ఒక చిన్న సంతోషం మాత్రం ఉంది. బజారులో మేము గొంతు తగ్గించి ఏజెంటును తిట్టుకుంటుంటే, పక్క దుకాణం ఆయన అచ్చమైన తెలుగులో "ఏటి, ఎక్కడి నుంచి వచ్చినారు?" అని పలకరించాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని విన్నాను గాని, తిట్లు కూడా చాటుగా తిట్టుకోలేనంత మంది ఉంటారని ఊహించలేదు.

జనవరి 13 మంగళవారం నాలుగు గంటలకు లేచాము. నగరం నుంచి వండూర్ రేవుకు కారులో దాదాపు గంట ప్రయాణం, రానూపోనూ 2,500 రూపాయలు. ఏడు గంటలకల్లా వరుసలో నిలబడ్డాము. పడవ కదిలింది తొమ్మిది తరువాతే. మధ్యలో రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. అనుమతి పత్రానికి ప్రతి ఒక్కరి ఆధార్ జిరాక్సు కావాలి. నా దగ్గర నాదీ అమ్మాయిదీ ఉన్నాయి, మా ఆవిడది హోటల్ గదిలో ఇంకో సంచిలో ఉంది. ఆ వేళకు జిరాక్సు కొట్టు తెరవలేదు. మా డ్రైవరు ఎవరినో నిద్ర లేపి ఒక కాపీ తీయించుకుని వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. తలా మూడేసి కాపీలు చేతిసంచిలోనే పెట్టుకుని వెళ్లడం మంచిది.

తరువాత ప్లాస్టిక్ తనిఖీ. ద్వీపంలోకి ప్లాస్టిక్ తీసుకుపోకూడదని తెలుసు, అందుకే నీళ్ల సీసాలు వదిలేసి వచ్చాము. కాని బల్ల మీద మా సంచి బోర్లించేసరికి మా ఇంట్లో ప్లాస్టిక్ ఎంతుందో మాకే తెలిసివచ్చింది: తడి బట్టలకోసం తెచ్చిన కవరు, దువ్వెన చుట్టిన కవరు, బిస్కెట్ పొట్లం, అన్నింటికంటే పెద్దది మా అత్తగారు పండుగకు ముందే చుట్టి పంపిన సకినాల కవరు. సకినాలను వదిలిపెట్టే ప్రసక్తే లేదని మా ఆవిడ అక్కడే నిలబడి, ఒక స్టీలు డబ్బా దొరకబుచ్చుకుని, వరుసలో వెనుక ఉన్న ముప్పై మంది చూస్తుండగా ఒక్కొక్కటీ విరగకుండా అందులోకి మార్చింది. తాగునీటికి అక్కడే సీసాలు అద్దెకు ఇస్తారు, డిపాజిట్ కట్టించుకుని తిరిగి అప్పగించాక ఇచ్చేస్తారు. తడి బట్టలకు గుడ్డసంచి తప్ప దారి లేదు, దాని నుంచి తిరుగు ప్రయాణంలో కారు సీటంతా నీళ్లు కారాయి.

పడవలో యాభై మంది దాకా ఉన్నాము. లైఫ్ జాకెట్లకు ముక్కిన వాసన. మొదటి అరగంట రెండు వైపులా మడ అడవుల మధ్య నీరు పాకాల చెరువంత నిశ్చలంగా ఉంది. మొసళ్లుంటాయి, చేతులు బయట పెట్టకండి అని హెచ్చరించారు. ఆ మలుపు దాటి బయటి నీళ్లలోకి రాగానే పడవ ఊగడం మొదలైంది. వాంతి రాకుండా అవోమిన్ మాత్ర వేసుకోవాలని గుర్తు రావడం కూడా అప్పుడే. అది బయలుదేరడానికి ముందే వేసుకోవాలట. నేను కళ్లు మూసుకుని కూర్చుంటే, మా ఆవిడ సకినం నములుతూ అటూ ఇటూ చూస్తున్నది.

పదింబావుకు ద్వీపం ముందు పడవ ఆగింది. దిగడానికి అక్కడ రేవు లేదు. పెద్ద పడవ నుంచి అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి, దాని నుంచి మోకాలి లోతు నీటిలోకి దిగాలి. ఆ అద్దం గీతలు పడి ఉన్నందువల్ల పగడాలన్నీ ఆకుపచ్చ నీడలుగా కనిపించాయి. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని మనసులో అనుకున్నాను. ఒడ్డున స్నార్కెలింగ్‌కు మనిషికి 700 రూపాయలు, అరగంట. మా వంతుకు గైడుగా వచ్చిన అబ్బాయికి ముప్పై ఏళ్లు ఉంటాయి. వాళ్ల తాత సోంపేట వైపు నుంచి వచ్చాడట. బకెట్లో ముంచి తీసిన గొట్టం, మాస్కు చేతికిచ్చి, "అద్దాలు తీసెయ్యండి సార్" అన్నాడు.

నాకు మైనస్ మూడు. మాస్కు కింద కళ్లజోడు పట్టదన్న సంగతి, జంతుశాస్త్రం చెప్పే మనిషికి, కన్ను నిర్మాణం బొమ్మ వేసి చూపించే మనిషికి, మూడు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయట, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని వచ్చేవాళ్లూ ఉంటారట. అది విన్నది ద్వీపం మీద నిలబడ్డాక.

నడుము లోతులో బోర్లా పడుకుని ముఖం నీటిలో పెట్టాను. ఆ క్షణంలో మా మేనమామ గొంతు పలికింది. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపు బిగబడతాం, ఇరవై సెకన్లు. తరువాత తలకు ఏమీ తోచక ముక్కుతో గట్టిగా పీల్చాను. ముక్కు మాస్కులో ఉంది, మాస్కు ముఖానికి కరుచుకుపోయింది, మీసం అడ్డు పడిన చోట నుంచి ఉప్పు నీరు లోపలికి దూరింది. దగ్గుకుంటూ లేచి నిలబడబోతే గైడు "కాలు పెట్టకండి, కాలు పెట్టకండి, కింద పగడం ఉంది" అని కేకవేశాడు. రెండోసారీ అంతే. గొట్టాన్ని ఎంత బలంగా కొరికానంటే మరునాడు దవడలు నొప్పెట్టాయి. చుట్టూ నీరు నడుము లోతే, ఒడ్డు పది అడుగులే, లైఫ్ జాకెట్ ఉంది, గైడు చేయి పట్టుకుని ఉన్నాడు. అయినా గుండె దడదడ కొట్టుకుంది. ఇది ఈత రానివాళ్ల భయం కాదు. గాలి ఎదురుగా ఉండగా శరీరం దాన్ని తీసుకోవడానికి నిరాకరించినప్పటి భయం.

"ఏటి సార్, ముక్కుతో పీలుస్తున్నారేటి?" అని గైడు విసుక్కోకుండానే అడిగి, చిన్న డబ్బాలోంచి వాజిలిన్ తీసి నా మీసానికి రాశాడు. మా అమ్మాయి అప్పటికే తేలుతూ ఒక చుట్టు చుట్టి వచ్చి, "బాపూ, గొట్టంల మాట్లాడు. మాట్లాడితె నోట్ల నుంచే గాలి పోతది" అన్నది. ఏం మాట్లాడాలో తోచలేదు. నోటికి అలవాటైనది ఒకటే ఉంది. ముఖం నీటిలో పెట్టి, గొట్టంలోకి హాజరు పిలవడం మొదలుపెట్టాను. రోల్ నంబరు ఒకటి, గాలి. రెండు, గాలి. పదిహేను దగ్గర భుజాలు దిగాయి. ముప్పై నాలుగు దాకా వచ్చాక పిలవడం మానేసినా ఊపిరి దానంతట అదే నడుస్తున్నదని గమనించాను.

అప్పుడు మొదట తెలిసింది చప్పుడు. నీటి లోపల నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. పోపులో ఆవాలు వేసినట్లు ఎడతెగకుండా చిటపటలు. ఒక జాతి రొయ్యలు పంజాలను టక్కున మూసినప్పుడు వచ్చే చప్పుడు అది. ఎక్కడో చిలక చేప పగడాన్ని కొరుకుతున్న కరకరలు కూడా వినిపించాయి. ఆ చేప మింగిన పగడం పొడి అయి బయటికి వచ్చి తెల్లని ఇసుకగా మారుతుందని తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. ఆ ఇసుక మీదే నేను అంతకుముందు చెప్పులు విడిచి కూర్చున్నాను.

గైడు లైఫ్ రింగును ఒక చేత్తో లాగుతూ, నేను దాన్ని పట్టుకుని, లోపలికి వెళ్లాము. చాలా భాగం బూడిద రంగు కొమ్మలే, విరిగి, మీద పాచి పట్టి ఉన్నాయి. తల పైకెత్తి అడిగితే, 2010 వేసవిలో నీరు వేడెక్కి పగడాలన్నీ తెల్లబడిపోయాయని, తాను అప్పుడు బడికి పోయే కుర్రాడినని, వాళ్ల నాన్న ఇంటికి వచ్చి "అన్నీ ఎముకలైపోయినాయిరా" అన్నాడని చెప్పాడు. పగడం కణాల్లో కాపురముంటూ దానికి తిండీ రంగూ ఇచ్చే సూక్ష్మ శైవలాలు (నాచు) వేడికి వెళ్లిపోవడం వల్ల అలా జరుగుతుందని నాకు తెలుసు. రెండు మార్కుల ప్రశ్న అది.

ఒక చోట గైడు ఆగి, అడుగున ఏదో చూపించాడు. రెండు మీటర్ల లోతు ఉంటుంది. నా కంటికి అది ఒక మసక ముద్ద, దాని మీద రెండు నారింజ రంగు చుక్కలు అటూ ఇటూ కదులుతున్నాయి. సీ అనిమోన్, దానిలో కాపురముండే చేపలు. నేను ఇంత దూరం వచ్చింది దానికోసమే. ఎంత కళ్లు చికిలించినా ముద్ద ముద్దగానే ఉంది.

అప్పటికి పదకొండున్నర దాటింది. నీరు వెనక్కి తగ్గే పాటు సమయం. గైడు అందువల్లనే ఒడ్డు వైపు గుట్టలాగా లేచిన ఒక పగడం మీదికి నన్ను తీసుకువెళ్లగలిగాడు. దాని తల నీటి మట్టానికి మూరెడు కిందే ఉంది. నీటిలో వస్తువులు నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి, మైనస్ మూడు ఉన్నవాడికి ఆ దూరం సరిగ్గా సరిపోతుంది. ఒక్కసారిగా అంతా స్పష్టమైంది. పగటిపూట పగడాలు చాలావరకు ముడుచుకుని ఉంటాయి, రాత్రి విచ్చుకుంటాయి. కాని ఇది పగలే విచ్చుకుని ఉండే గోనియోపోరా అనే పగడం. తేనె రంగు కాడలు వందలకొద్దీ, ఒక్కొక్కదాని చివర చిన్న పువ్వు, మధ్యలో తెల్లని నోరు. అలకు అన్నీ ఒకేసారి వరిచేను వంగినట్లు వంగి లేస్తున్నాయి. ఒకదాని టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే సన్నని వేళ్లలాంటివి) లెక్కపెట్టబోయాను. ఇరవై నాలుగు ఉండాలి, ఆరు గుణిజాలలో. పదకొండు దాకా వచ్చేసరికి అల వచ్చి తప్పిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది. మాస్కు లోపల నీళ్లు నిండుతున్నా తల ఎత్తలేదు.

అమ్మాయి చేతి గడియారం ప్రకారం నేను నీటిలో ఉన్నది మొత్తం ముప్పై నాలుగు నిమిషాలు. దగ్గులకూ వాజిలిన్‌కూ పోయినవి తీసేస్తే ఇరవై నాలుగు.

ఒడ్డుకు వచ్చేసరికి మా ఆవిడ లేదు. చీర మీదికి జాకెట్ ఎలా వేస్తారో అడగడానికి వెళ్లి, అమ్మాయి ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల కుర్తా వేసుకుని, ఇంకో గైడు వెంట నీళ్లలోకి దిగిపోయిందట. అరగంట ఒక్కసారి కూడా తల ఎత్తకుండా తేలి, గైడే ఇక చాలని తీసుకువస్తే వచ్చింది. నీకు ఊపిరి ఎట్లా ఆడిందని అడిగాను. "నాకేమన్న ఈత వచ్చా పాడా? ఆ పిలగాడు నోటితోని పీల్చుమన్నడు, పీల్చిన" అన్నది, జుట్టు పిండుకుంటూ.

మిగిలిన సకినాలు మా గైడుకు పెట్టాము. ఉప్పు గాలికి అప్పటికే మెత్తబడ్డాయి. జంతికలా అని అడిగి, కాదని మా ఆవిడ బియ్యప్పిండి, నువ్వులు, వాము, చేత్తో చుట్టడం అన్నీ వివరించాక రెండు జేబులో వేసుకున్నాడు. తెల్లని ఇసుకలో చచ్చిన పగడం ముక్క ఒకటి, వేళ్లంత కొమ్మలతో చాలా బాగున్నది, నా కాలి దగ్గరే పడి ఉంది. ప్రయోగశాల బీరువాలో ఆ సీసా పక్కన పెడితే ఎలా ఉంటుందో మనసులో చూసుకున్నాను. పగడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, చచ్చినదైనా తీసుకుపోవడం నేరం. తెలిసి కూడా దాన్ని రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లు కింద పెట్టాను.

రెండు గంటలకు వండూర్‌లో దిగాము. సీసాల డిపాజిట్ తీసుకోవడం మరచిపోయి సగం దారి నుంచి వెనక్కి వెళ్లాము. ఆ రాత్రి అసలు లెక్క తేలింది. పొట్టి చేతుల బనీనుతో, మోకాళ్ల పైకి లాగుతో బోర్లా తేలినందువల్ల నా మెడ, పిక్కల వెనుక భాగం ఎండకు కాలి ఎర్రబడ్డాయి. రెండు రాత్రులు బోర్లానే పడుకున్నాను, భోగి రోజంతా హోటల్ గదిలోనే గడిపాను. పొడుగు చేతుల కుర్తా వేసుకున్న మనిషికి ఏమీ కాలేదు. ఆమె అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ పొద్దున తెలుగువాళ్ల వీధుల్లో ముగ్గులు చూసి వచ్చింది.

సెలవుల తరువాత జనవరి 19న కళాశాల తెరిచారు. సీసా చూసి ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. హాజరు పిలుస్తుంటే ముప్పై నాలుగు దగ్గర నేను ఎందుకు ఆగానో తరగతికి అర్థం కాలేదు. గంట కొట్టాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "చూసిండ్రా సార్, ఏ రంగు?" అని అడిగింది. మా ఆవిడ చెప్పిన రంగే చెప్పాను. పచ్చి మామిడికాయ రంగు, చివర్లు ఊదా.